కాళ్ల మందు చిలికిన కవ్వం

నేను ఒక కవ్వాన్ని. కోపం చల్లారని కవ్వాన్ని. తుమ్మ చేవతో నన్ను చెక్కిన వడ్రంగి, పెరుగుకుండ తప్ప నాకు మరో లోకం ఉండదనుకున్నాడు. సంతలో నన్ను కొన్న సింహాలమ్మ ఇరవై ఏళ్లు నాతో వెన్న తీసింది. ఆమె గేదె చచ్చిపోయాక నేను కూతురు కాంతం చేతికి వచ్చాను.

కాంతం సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే ఉద్యోగి. అక్కడికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఉప్పు మడుల్లో కూలీలే. రోజంతా ఉప్పునీళ్లలో నిలబడి వాళ్ల పాదాలు నెర్రెలు బారేవి. ఆ నెర్రెల్లోకి మళ్లీ ఉప్పు దిగేది. వాళ్లలో పైడమ్మ అనే ఆమె మడమ చీలికలో అయితే చిటికెనవేలి గోరు పట్టేది. కేంద్రంలో ఇచ్చే జిడ్డు మందు రాసుకుంటే గట్టు మీద కాలు జారేది. నీళ్ల మందు రాసుకుంటే మడిలో దిగగానే కొట్టుకుపోయేది.

"నూనే నీళ్లూ కలిసి ఒక్క ముద్దగా నిలిస్తే గాని పనవదు పైడమ్మా," అంది కాంతం.

అలా నా కులవృత్తి తలకిందులైంది. వెన్నను మజ్జిగలోంచి విడదీయడమే తెలిసిన నన్ను, నూనెను నీళ్లలో కలిపి పట్టి ఉంచమన్నారు! కాంతం తపసి చెట్టు బంకను కాచి చల్లార్చిన నీళ్లలో నానబెట్టేది. అది ఉబ్బాక నువ్వుల నూనె చుక్కచుక్కగా వేస్తూ నన్ను తిప్పేది. తొందరపడితే విరిగి నూనె పైకి తేలేది. బంక తగ్గితే పాలలా కారేది. నాలుగు నెలలు పారబోసి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి ఒక ఆదివారం గిన్నె బోర్లించి చూసింది. లోపలిది తెల్లగా జున్నులా వణికింది గాని జారలేదు. వేలితో రాస్తే మెత్తగా పరుచుకుని పలచటి పొరలా పాదాన్ని అంటుకుంది. నెల తిరిగేసరికి పైడమ్మ నెర్రెలు పూడాయి.

అక్కడితో ఆగి ఉంటే నాకు కోపం దేనికి?

ఆ ఆడవాళ్లు రెండేళ్లుగా రబ్బరు బూట్లు అడుగుతున్నారు. మడుల యజమాని దివాకరరావు ఆ ఏడు ఇస్తానని ఒప్పుకున్నాడు కూడా. మందు సంగతి చెవిన పడగానే పందిరి వేయించి, కాంతానికి శాలువా కప్పి, నన్ను పైకెత్తి అందరికీ చూపించాడు. "ఇంత మంచి మందుండగా ఇంక బూట్లెందుకమ్మా?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మనుషులు దేనికి చప్పట్లు కొడతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కాంతం మొహం కందగడ్డయింది. శాలువా తీసి కుర్చీ మీద పడేసింది.

"అయ్యా, గిన్నెడు మందు నేనే రాస్తాను. మీ కాళ్లకున్న ఆ బూట్లు విప్పి ఒక్క పూట మడిలో నిలబడండి."

ఆయన నవ్వాడు. పైడమ్మ నవ్వలేదు.

"ఏటీ, మా కాల్లు బాగైనాయని మా బూట్లు మానీసినారా?" అంటూ లేచింది.

మర్నాడు ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్లూ గట్టు మీద కూర్చున్నారు. మడుల్లో ఉప్పు పేరుకుని ఉంది. పైన మబ్బు కమ్ముతోంది. వాన పడితే పంటంతా నీళ్లపాలే. మూడో రోజు సాయంత్రం బూట్లు దిగాయి. అన్నీ మగవాళ్ల కొలతవే. ముందు భాగంలో గుడ్డపేలికలు కుక్కి తొడుక్కున్నారు.

వారంలోపే కాంతానికి తాఖీదు వచ్చింది. అనుమతి లేకుండా మందు తయారుచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నన్ను సాక్ష్యంగా పట్టుకెళ్లి, మెడకు చీటీ కట్టి, ఆరోగ్య శాఖ కార్యాలయం బీరువాలో పడేశారు. చీటీలో ‘కర్ర పరికరం, ఒకటి’ అని రాశారు. కవ్వాన్ని కవ్వమని రాయడానికి కూడా వాళ్లకు చేతులు రాలేదు.

కాంతాన్ని కొండల వైపు బదిలీ చేశారు. మందు ఇప్పుడు పైడమ్మ ఇంట్లో వేరే కవ్వం చిలుకుతోందట. ఇక్కడి గుమాస్తా కూడా చాటుగా తెప్పించుకుని తన మడమలకు రాసుకుంటున్నాడు. నేను ఇంకా ఈ బీరువాలోనే ఉన్నాను.

బదిలీకి ముందు, విచారణ రోజున ఆ గుమాస్తాయే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. కాంతం ఒక్కతే వస్తుందనుకున్నారు. ఆమె వెనక ముప్ఫై ఒక్కమందీ బురద బూట్లతో దిగారు.

"బూట్లు బయట విప్పి రండమ్మా, నేల పాడైపోతుంది!"

"బూట్లు ఇప్పం బాబూ," అంది పైడమ్మ, లోపలికి అడుగేస్తూ.