తిరిగొచ్చే పెరుగన్నం

బాక్సు మోయడంలో మాత్రం త్రినాథ్ ఏ లోటూ చేయలేదు. పొద్దున ఎంత బరువుతో తీసుకెళ్లేవాడో, సాయంత్రం అంతే బరువుతో తెచ్చి వంటగట్టు మీద పెట్టేవాడు. పెట్టి, ఆ బాక్సుకీ తనకీ ఏ సంబంధమూ లేనట్టు వరండాలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకునేవాడు.

"ఏరా, ఇవాళ కూడా తినలేదా?" అనేది మేనత్త కోటేశ్వరి.

"ఆకలెయ్యలా అత్తా."

ఒకటో తరగతి పిల్లాడికి పొద్దుటి ఇడ్లీ సాయంత్రం దాకా ఆగుతుందని ఆవిడ చదువులో ఎక్కడా లేదు. ఆవిడ చదివింది హోంసైన్సు. పెళ్లయి గుంటూరు బ్రాడీపేట వచ్చాక ఆ చదువంతా భర్త నాగేంద్రబాబు మీదే ప్రయోగించాల్సి వచ్చింది. ఆయన ఏది పెట్టినా తినేసి పేపరు చదువుకునే రకం కాబట్టి ఫలితాలేవీ తేలలేదు. ఇంట్లో పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరూ ఎత్తకుండా ఉండటం కూడా ఇంటి అలవాట్లలో ఒకటైపోయింది.

అలాంటి ఇంటికి జనవరి చివర్లో ఆవిడ అన్న అంకమ్మరావు తన కొడుకు త్రినాథ్‌ని తెచ్చి దింపాడు. మార్టూరు అవతల వాళ్ల ఊరి బళ్లో ఉన్న ఒక్క మాస్టారికీ బదిలీ అయింది. వదినకు చంటిపిల్ల. మిరపకోతలు మొదలయ్యాయి, ఎవరికీ తీరిక లేదు. కోటేశ్వరి పోరగా పోరగా పిల్లాడిని గుంటూరు పంపడానికి ఒప్పుకున్నారు. వాడి నాయనమ్మ, అంటే కోటేశ్వరి కన్నతల్లి వెంకటరావమ్మ, తోడొచ్చి మరీ గుమ్మంలో నిలబడి షరతు పెట్టింది.

"చూడవే కోటీ, నీ మాట కాదనలేక వదిలిపెడతన్నా. సెలవులియ్యంగానే వస్తా. వాడు చిక్కిపోయాడనుకో, జూన్‌లో కాన్వెంటూ లేదు గీన్వెంటూ లేదు, మన ఊళ్లోనే ఉంటాడు. మళ్లీ పంపమని నన్నడగమాక."

"నేను చిక్కనిస్తానా అమ్మా?"

"మధ్యాన్నం పెరుగన్నం పెట్టు చాలు. ఇంకేం ముట్టడు."

పెరుగన్నం చాలట! కోటేశ్వరికి నవ్వొచ్చింది. ఎదిగే పిల్లాడికి మాంసకృత్తులు ఎక్కడినుంచి వస్తాయి? ఇనుము ఏ దారిన వస్తుంది? పాలకూర పప్పన్నం పెట్టింది. మొలకెత్తిన పెసలు తాలింపు పెట్టింది. క్యారెట్‌ని నక్షత్రాల్లా కోసి అన్నం మీద ఆకాశం అమర్చింది. ఆకాశం ఒక్క చుక్కైనా రాలకుండా ఇంటికొచ్చింది. బీట్‌రూట్ చపాతీ పెట్టిన రోజున పక్కనున్న పిల్ల, వీడి బాక్సులో రక్తం ఉందని టీచరుకు ఫిర్యాదు చేసింది.

తిరిగొచ్చినవన్నీ పారేయడం ఇష్టంలేక నాగేంద్రబాబు సాయంత్రం టిఫిను కింద లాగించేవాడు. ఆయన ప్యాంటు బిగుతైంది. త్రినాథ్ నిక్కరు వదులైంది. కోటేశ్వరి ఆ నిక్కరు హుక్కు లోపలికి జరిపి కుడుతూ, ఇంతమందిలో ఈ ఇంట్లో ఒళ్లు చేయాల్సింది ఎవరో దేవుడికైనా తెలుసా అనుకుంది.

"మీ అమ్మ చెప్పినట్టు పెరుగన్నం పెట్టరాదూ? పంతమెందుకు?" అన్నాడు నాగేంద్రబాబు.

పంతం వదిలి పెరుగన్నమే పెట్టింది. అదీ తిరిగొచ్చింది.

ఆ రోజు మాత్రం కోటేశ్వరికి భయమేసింది. పిల్లాడిని ఒళ్లోకి లాక్కుని, "నాయనమ్మ పెడితే తినేవాడివటగా? నా దగ్గర ఎందుకు తినవు నాన్నా?" అని అడిగింది. వాడు చాలాసేపు ఆలోచించి, ఎదుటివాళ్ల తప్పు ఎత్తిచూపక తప్పని పెద్దమనిషిలా, "మీ పెరుగు బాగాలేదత్తా," అన్నాడు.

మర్నాటినుంచి ప్యాకెట్ పాలు మానేసి, రెండు వీధుల అవతల గేదెలున్న బుడే అనే అతని దగ్గర పాలు పోయించుకుంది. పెరుగు గడ్డలా తోడుకుంది. మీగడ తొక్కలా కట్టింది. వాడు రెండు చెంచాలు తిని మూత పెట్టేశాడు. "మా ఊరి గేదె వేరే," అన్నాడు విచారంగా.

ఊరినుంచి గేదెను తెప్పించడం ఒక్కటే మిగిలింది. గేదె బదులు మిరపకాయలొచ్చాయి. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోమని అంకమ్మరావు ఓ బస్తా పంపించాడు. ఆదివారమంతా కోటేశ్వరి పెరట్లో చాప పరుచుకుని తొడిమలు తీస్తూనే ఉంది. మిగిలినవి సోమవారం పొద్దున్నే, పిల్లాడు లేవకముందే కూర్చుని పూర్తి చేసింది. సబ్బుతో చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లేసరికి పొద్దెక్కింది. అన్నం ఆలస్యంగా ఉడికింది. వీధిలో బడి రిక్షా బెల్లు మోగింది. ఆవిడ ఎప్పుడూ బాక్సులోకి చెంచాతోనే కలిపేది. పిల్లల తిండిలో చెయ్యి పెట్టకూడదని ఆవిడ నియమం. ఆ హడావుడిలో చెంచాకు అన్నం మెదగలేదు. నియమాన్ని పక్కనపెట్టి, చేత్తోనే నాలుగుసార్లు మెత్తగా పిసికి, పెరుగు పోసి కలిపి మూత బిగించింది.

రిక్షా వెళ్లిపోయాక, ఇల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చబోతూ కన్ను నలుపుకుంది. అంతే, కంట్లో నిప్పు పోసినట్టయింది. పంపు కింద మొహం పెట్టి నీళ్లు కొట్టుకుంటూ ఉండగా తన చెయ్యి పొద్దున ఎందులో పెట్టిందో గుర్తొచ్చింది.

"అయ్యో నా తండ్రీ!"

చీరైనా మార్చుకోకుండా ఆటో ఎక్కింది. "బాబూ తొందరగా పోనీ, అన్నం బెల్లు కొట్టకముందే వెళ్లాలి," అంది. ఒక కన్ను ఎర్రగా, మూసుకుపోయి ఉన్న మనిషిని చూసి ఆటో అతను, "ఆస్పత్రికా అమ్మా?" అన్నాడు. దారంతా ఆవిడకు ఒకటే ఆలోచన. పిల్లాడికి నోరు పొక్కుతుంది, కడుపు మండుతుంది. సాయంత్రానికి ఊరికి ఫోను వెళ్తుంది. సెలవుల దాకా కూడా ఆగరు, రేపే వచ్చి వాడిని తీసుకుపోతారు.

ఆవిడ వెళ్లేసరికి బెల్లు కొట్టనే కొట్టారు. వరండాలో పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. చివర్లో త్రినాథ్. పెదాలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముక్కు కారుతోంది. కళ్లనుంచి నీళ్లు బుగ్గల మీదికి జారుతున్నాయి. ఒళ్లో బాక్సు ఖాళీగా ఉంది. వేలితో దాని అడుగు గీకి గీకి నాకుతున్నాడు.

"మండుతోందా నాన్నా? నీళ్లు తాగు, నీళ్లు!"

వాడు తలెత్తి అత్తను చూశాడు. ఆ ఇంటికొచ్చాక వాడు నోరంతా తెరిచి నవ్వడం ఆవిడ చూడలేదు. పై పన్ను ఊడిందని కూడా అప్పుడే తెలిసింది.

"అత్తా, ఇయ్యాల నాయనమ్మ పెరుగు పెట్టావ్!"

కోటేశ్వరి అక్కడే, పిల్లల మధ్య గచ్చు మీద చతికిలబడింది.

మిరప కల్లం. రోజంతా తెల్లబారిన తాలుకాయలు ఏరి ఏరి ఎర్రబడ్డ అమ్మ చేతులు. మధ్యాహ్నం తొట్టి దగ్గర చేతులు కడుక్కుని అమ్మ పెరుగన్నం కలిపి ముద్ద నోట్లో పెడితే, చల్లగా దిగి, ఆ తర్వాత నాలుక చివర సన్నగా చురుక్కుమనేది. పెరుగంటే అలాగే ఉంటుందనుకుని పెరిగింది తనూ. కాలేజీ హాస్టల్లో మొదటి వారమంతా పెరుగన్నం ముందు కూర్చుని ఏడ్చింది. ఆ పెరుగు బాగాలేదని వార్డెనుతో పోట్లాడింది. ఆ వార్డెను నిర్దోషి అని ఆవిడకు ఇప్పటికి తేలింది.

మర్నాటినుంచి బాక్సు కట్టేముందు రెండు ఎండుమిరపకాయలు తుంచి అరచేతుల్లో రుద్దుకుని, కడుక్కుని, అప్పుడు అన్నం కలిపేది. ఏ పాఠ్యపుస్తకమూ దీన్ని ఒప్పుకోదు. బాక్సు మాత్రం ఖాళీగా వచ్చేది. కొన్నాళ్లకు రెండు కాయలు ఒకటయ్యాయి. పెరుగులోకి క్యారెట్ కోరు దొంగతనంగా దిగింది. దాని వెనకే ఉడికించి మెదిపిన పెసరపప్పూ, దానిమ్మ గింజలూ దిగాయి. వాడు పట్టుకోలేదు, పట్టుకున్నా అత్త పరువు కోసం ఊరుకున్నాడు. సాయంత్రం టిఫిను లేకుండా పోయిందని నాగేంద్రబాబు మాత్రం గొణిగాడు.

పరీక్షల చివరి రోజుకు వెంకటరావమ్మ రానే వచ్చింది. వస్తూనే మనవడి దండ చెయ్యి పట్టి చూసింది, బుగ్గ నొక్కింది. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, కూతురు మిరపకాయ తుంచి అరచేతులు రుద్దుకోవడం చూసి అదిరిపడింది.

"అదేం పనే! ఆ చేత్తో పెరుగన్నం కలుపుతావా? పసోడి కడుపు కాలిపోదూ? ఇదేనా నువ్వు చదివింది?"

"నీ దగ్గర నేర్చుకున్నదే అమ్మా."

"నా దగ్గరా? నేనెప్పుడూ చేతులు కడుక్కోకుండా మీకు ముద్ద పెట్టలా!"

"కడుక్కునేదానివి. అది పోయేది కాదు."

వెంకటరావమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. దగ్గరగా తెచ్చుకుని వాసన చూసింది. ఇంతకాలం ఆ చేతులకు తెలిసిన సంగతి ఆవిడకు తెలియలేదు.

"అయితే ఇన్నేళ్లూ మీకు మంటే పెట్టానంటావా?" అంది మెల్లగా.

"అది లేకపోతే వాడు తినలేదమ్మా. నేనూ తినలేదు, హాస్టల్లో."

ముసలావిడ పీట లాక్కుని కూర్చుని, కూతురు బాక్సు కట్టడం చివరిదాకా చూసింది. క్యారెట్ కోరు పడేటప్పుడు మూతి తిప్పింది గానీ అడ్డుచెప్పలేదు.

"ఉప్పు తగ్గించు," అంది. "జూన్‌లో బళ్లు ఎప్పుడు తెరుస్తారో కనుక్కో. నేనే తెచ్చి దింపుతా."

మధ్యాహ్నం బస్టాండులో నాయనమ్మ, మనవడు మార్టూరు బస్సెక్కారు. దారిలో తినమని కోటేశ్వరి ఇచ్చిన బాక్సును, బస్సు ఇంకా కదలకముందే, త్రినాథ్ ఒళ్లో పెట్టుకుని మూత తీశాడు.

"ఒరేయ్, ఇప్పుడేగా అన్నం తిన్నావ్! ఊరికెళ్లాక నేను కలిపి పెడతాగా!"

"అది నీ పెరుగు నాయనమ్మా. ఇది అత్త పెరుగు," అన్నాడు వాడు నోటినిండా పెట్టుకుని.

డ్రైవరు హారన్ కొట్టాడు. కోటేశ్వరి బస్సు పక్కనే నడుస్తూ, "మూత గట్టిగా పెట్టరా, చొక్కా మీద ఒలుకుద్ది," అని కిటికీలోకి చెబుతూనే ఉంది.