సూది వరుస

నలభై మూడో ప్లేటు దగ్గర రాదోయ్క కళ్ళు మూసుకుంది. పొద్దున ఏడింటి నుంచి ప్రయోగశాలలో లెక్కపెడుతూనే ఉంది. గోధుమరంగు మేత మీద మొలిచిన తెల్లటి చుక్కలు, గుండుసూది తలకన్నా చిన్నవి, రెప్పలు మూసినా లోపల అలాగే కనబడుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో సూక్ష్మజీవి కట్టుకున్న ఊరు. కుడిచేతి కలంతో ప్లేటు అడుగున చుక్కకో గీత పెట్టాలి, ఎడమచేత్తో మీట నొక్కాలి. మీట టిక్కుమనడం ఆగిందంటే ఆ ప్లేటు మీదికి నమూనా తీసిన పన్నులో ఎన్ని మిగిలాయో తేలినట్టు.

బల్ల కింద ఆమె కాళ్ళు బూట్లలోంచి సగం బయటికి వచ్చాయి. చీలమండలు మధ్యాహ్నం కాకముందే ఉబ్బుతాయి. వయసు అరవై మూడు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, చెవుల వెనక కళ్ళజోడు ఒరుసుకుని కాయకాచిన రెండు మచ్చలు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు బ్లీచు తగిలి తగిలి నున్నబడ్డాయి. కొత్త గుర్తింపు కార్డుకి వెళ్తే యంత్రం ఆమె వేలిముద్రను మూడుసార్లు తిప్పికొట్టింది. “ఏం పనమ్మా నీది?” అన్నాడు గుమాస్తా. “పళ్ళు కడుగుతాను,” అందామె. అతను నవ్వలేదు. ఆమె కూడా నవ్వించాలని అనలేదు.

ఎనభై పళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళలో పీకినవి. వాటి తలలు ఒకే ఎత్తుకు కోసి, వేరులోని సన్నటి కాలువను ఒకే వెడల్పుకు తొలిచి, ఆవిరిలో శుద్ధి చేసి, ఆ తర్వాత చేతులారా మళ్ళీ చెడగొట్టడం ఆమె పని. మూడు వారాలు రోజు విడిచి రోజు వాటిలోని సూక్ష్మజీవులకు కొత్త ద్రవం పోసింది. వాటికి ఆదివారాలు ఉండవు కాబట్టి ఆమెకూ లేకపోయాయి. అవి కాలువ గోడల్లోకి ఇంకాక, ఇరవై చొప్పున నాలుగు వరుసలు చేశారు. ఒక వరుసను ఉత్త ఉప్పునీటితో కడిగారు. ఒకదాన్ని మామూలు సూదితో బ్లీచు పోసి, ఒకదాన్ని అదే బ్లీచు పోసి అల్ట్రాసౌండ్‌తో అదిరించి, చివరిదాన్ని బెల్‌గ్రేడ్ నుంచి అరువు తెచ్చిన లేజర్‌తో. చీము పట్టిన పన్నును ఏది బాగా శుభ్రం చేస్తుందో చూడాలి. అంతే ప్రయోగం. అది డాక్టర్ నెవేనా పట్టా కోసం.

“మెషిన్లు నేను చూసుకుంటా అత్తా,” అంది నెవేనా, పళ్ళు కడిగిన రోజు. చుట్టం కాకపోయినా అలాగే పిలుస్తుంది. “సూది నువ్వు కానిచ్చెయ్. సూదిదేముంది, ఎవరైనా చేస్తారు.”

అందులో చిన్నచూపేమీ లేదు. సూదిదేమీ లేదని రాదోయ్క కూడా అనుకుంది.

పన్నెండింటికి ఎనభయ్యో ప్లేటు అయింది. ఏ ప్లేటు ఏ వరుసదో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు కనుక, ప్లేట్ల మీద ఉత్త అంకెలే ఉన్నాయి. వాటి గుట్టు ప్రొఫెసర్ వుకాషిన్ దగ్గర అంటించిన కవరులో ఉంది. ఆయన వచ్చాడు, కోటు విప్పకుండానే కవరు చింపాడు. ఆయన కవరులోని అంకెలు చదువుతుంటే నెవేనా కాగితం మీద సగటు కట్టింది. ఉప్పునీటి వరుస లెక్కకు అందలేదు. అల్ట్రాసౌండ్, నలభై చుక్కలు. లేజర్, పదకొండు.

“సూది?” అన్నాడు.

“తొమ్మిది,” అంది నెవేనా. మళ్ళీ కూడింది. “తొమ్మిదే.”

ప్రొఫెసర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “లేజర్ అమ్మేవాడికి ఈ కాగితం చూపిస్తే ఈ రాత్రికి అన్నం దిగదు. ఇల్లమ్మితే గాని రాని మెషిను, పది దినార్ల సూదీ ఒకటే అంటున్నాం. కొండల్లో కూర్చున్న మన డాక్టర్లకి ఇంకేం కావాలి?”

“సోఫియాలో జరిగే సభకి వ్యాసం శుక్రవారం లోపల పంపేస్తానండీ,” అంది నెవేనా.

“పంపు. రాదోయ్కా, ఎక్కడ నీ గిబానిత్సా? ఇవాళ రిటైరై వెళ్ళిపోతూ మమ్మల్ని పస్తుంచుతావా?”

వెళ్ళేవాళ్ళే విందు పెట్టాలి, అది అక్కడి ఆనవాయితీ. రాత్రి పరిచిన పిండిపొరలు, మధ్యలో చీజ్, గుడ్లు. తువ్వాలు విప్పి ఆమె ముక్కలు కోసింది. ప్రొఫెసర్ చిన్న గ్లాసుల్లో రాకియా, ప్లమ్‌పళ్ళ సారా, పోశాడు. ముప్ఫై నాలుగేళ్ళు అన్నాడు, గోడకున్న గడియారం కూడా నిన్ను చూసే నడిచేది అన్నాడు, తాగాడు. రాదోయ్క వినలేదు. తొమ్మిది అన్న మాట ఆమె రొమ్ములో ఎక్కడో వెచ్చగా కూర్చుంది. ఈ గదిలోంచి నలభై దాకా వ్యాసాలు వెళ్ళాయి. వాటి చివర ‘సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ వరుస ఎవరు కడిగారు అని ఎవరైనా అడుగుతారేమోనని ఆమె కత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఎవరూ అడగలేదు.

తర్వాత సింకు దగ్గర కత్తి కడుగుతున్నప్పుడు అది జరిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. సింకు పక్కనున్న నీటిసీసాను ఆమె పిడికిట్లో ఊరికే పట్టుకుని, కాస్త వెచ్చబడేదాకా వదలకుండా నిలబడింది. పిడికిలిని చూసుకుంది. చెయ్యి తనది కానట్టు, అదేదో చేస్తుండగా దాన్ని పట్టుకున్నట్టు చూసింది.

సూది వరుస కడిగిన ఆ రోజు గది ఇంకా వేడెక్కలేదు. సిరంజీలు మంచులా ఉన్నాయి. ఒక్కోదాన్ని ఇలాగే పిడికిట్లో పెట్టుకుంది. బ్లీచు వెచ్చబడితే పదునెక్కుతుంది. ఆ తర్వాత సూదిని కాలువలో పైకీ కిందికీ ఆడించింది, ఆపింది, కాస్త ఆగి మళ్ళీ ఆడించింది. ఎప్పుడో పోయిన బ్లగోయె డాక్టరు దగ్గర నేర్చిన పద్ధతి. పోసి వదిలెయ్యకు, చంటిపిల్ల తలకి సబ్బు రుద్దినట్టుండాలి అనేవాడాయన. ప్రయోగం ఎలా చెయ్యాలో కాగితంలో రాసింది వేరు: ద్రవం గది చల్లదనంలోనే ఉండాలి, సూది కదలకూడదు, ఒక్క నిమిషం. కాగితం చదివి ఆమె సంతకం పెట్టింది. చెయ్యి మాత్రం చదవలేదు.

నీళ్ళు కట్టేసింది. ఎక్కడో ఒక ఊళ్ళో, వసారాలో పదిమంది రోగులు కూర్చుని ఉండగా, ఒక డాక్టరు సూది కదపకుండా చల్లటి బ్లీచు నిమిషం పోసి, సూది చాలని రుజువైందిగా అనుకుని పన్ను మూసేస్తాడు. లోపల మిగిలినవి మిగిలే ఉంటాయి. నెల తిరిగేసరికి దవడ వాస్తుంది. అది ఆమెకు ప్లేటు మీది చుక్కల్లా స్పష్టంగా కనబడింది. అయినా కదల్లేకపోయింది. ఆ తొమ్మిది తప్ప ఈ గదిలో తనదని చూపించుకునేందుకు ఇంకేమీ లేదు. దాన్ని తన నోటితో తనే తుడిచెయ్యాలి. కాళ్ళు లాగుతున్నాయి. చెప్పకుండా ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు కూడా.

నెవేనా కంప్యూటర్ ముందు పట్టిక వేస్తోంది, బుగ్గలో గిబానిత్సా ముక్క.

“ఆ వరుస తీసెయ్యమ్మా,” అంది రాదోయ్క.

“ఏ వరుస?”

“సూది వరుస. అది సూది చేసింది కాదు, నేను చేసింది.”

“నువ్వు కాకపోతే నేనా చేశాను?” నవ్వింది నెవేనా.

“చేతిలో పెట్టుకుని వెచ్చ చేశాను. సూది ఆడించాను. రాసినట్టు చెయ్యలేదు.”

నెవేనా నమలడం ఆపింది. “ఎన్నిటికి?”

“ఇరవైటికీ.”

కారిడార్లో ఎవరో తలుపు వేసిన చప్పుడయింది. నెవేనా గొంతు తగ్గించింది. “ఎవరైనా చూశారా?”

“చూళ్ళేదు.”

“అయితే ఇవాళే గుర్తురావాలా అత్తా? జూన్‌తో నా కాంట్రాక్టు అయిపోతుంది. ఈ వ్యాసం లేకపోతే కొత్తది ఇవ్వరు, నీకు తెలుసు. రేపట్నించి నువ్వు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటావు. ఇక్కడ నేనుండాలి.”

“నిజమే.”

“అసలు అంత బాగా చెయ్యమని నిన్నెవరడిగారు?”

ఆ ప్రశ్న ఈ ఒక్క వరుస గురించి కాదనిపించింది రాదోయ్కకి. “ఎవరూ అడగలేదమ్మా,” అంది.

రికార్డు పుస్తకం తెరిచి, నిబంధనలకు తేడాలు అన్న గడిలో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. నెవేనా చూస్తూ కూర్చుంది. ఆపలేదు. ప్రొఫెసర్ వచ్చి నిలబడే చదివాడు.

“ముప్ఫై నాలుగేళ్ళకి ఒక్క తప్పు చేశావు. అదీ రాకియా తాగాక చెప్తున్నావు,” అన్నాడు. కళ్ళజోడు తీసి కళ్ళు రుద్దుకున్నాడు. “సోఫియా వదిలెయ్ నెవేనా. పోలికకి ఉప్పునీరు, దాంతో సూది, ఆ రెండు వరుసలూ మళ్ళీ నువ్వే చెయ్. కాగితంలో ఉన్నట్టు. జూన్ సంగతి డీన్‌తో నేను మాట్లాడతా. మాటివ్వలేను, మాట్లాడతా.”

ఆ మధ్యాహ్నమంతా రాదోయ్క పీకిన పళ్ళు దాచే స్టోరు గదిలోనే ఉంది. నెవేనా అటు వెళ్ళలేదు. నాలుగు దాటాక రాదోయ్క తెల్లకోటు మడిచి పెట్టింది, తాళంచెవులు ఆఫీసులో ఇచ్చింది, ఖాళీ పళ్ళేన్ని తువ్వాల్లో చుట్టుకుంది. బయటి కోటు తొడుక్కుంటుంటే ఎడమ చెయ్యి కోటుచేతిలోకి దూరలేదు. వెనకనుంచి నెవేనా కోటు ఎత్తి పట్టుకుంది.

“మెట్లు జారుతున్నాయి. చూసి దిగు,” అంది.

“సరే అమ్మాయ్.”

ఆరో నంబరు బస్సు ఖాళీగా వచ్చింది. ఆమె కిటికీ పక్కన కూర్చుని బూట్లలోంచి మడమలు బయటికి తీసుకుంది.

సోమవారం ఫ్రిజ్ తెరిచిన నెవేనాకి పై అరలో ఒక గాజుసీసా కనబడింది. అందులో నలభై పళ్ళు, అన్నీ ఒంటివేరువి, వంకరలేనివి, చిగుళ్ళ పీచు ఒక్కటి కూడా మిగలకుండా గీకి కడిగినవి, ఒకే పొడవువి ఏరినవి. సీసాకి అంటించిన చీటీ మీద నిలువు అక్షరాలు: నలభై. బ్లీచు చల్లగానే పొయ్. సూది కదపకు.