జవాబు రాకపోతే

జవాబు రాకపోతే ఖాళీ అనుకుని ముందుకు సాగాలి, అని రాసి చెరిపాను, మళ్ళీ రాశాను, వాక్యం బాగానే ఉంది, తప్పుల్లేవు, దీన్ని చదవబోయేది మనిషి కూడా కాదు, ఏజెంటు, అంటే మనం రాసిపెట్టింది చదువుకుని తనంతట తానే డేటాబేస్ పరీక్షలు నడిపే ప్రోగ్రాము, ఏ టూలు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో దానికి రాసివ్వడమే నా ఉద్యోగం, మధ్యాహ్నం అమ్మ కంచం తెచ్చిపెడుతూ, ఏటే ప్రశాంతీ, మిసనుకి పాఠాలు సెప్పడానికేటి నిన్ను బీయస్సీ సదివించినాం, అదంతా నేర్సీసుకున్నాక నీకేటి పనుంటాదే అంది, నవ్వుతూనే అంది, గోల్‌బజార్ చేపలో ముళ్ళు ఎక్కువ, చూసుకుని తినాలి, తల వంచి ముళ్ళు ఏరుకున్నాను, మిగతా పేజీలన్నీ తేలిగ్గానే అయ్యాయి, ఆగింది తాళం దగ్గరే, పరీక్షల కోసం ఉంచిన డేటాబేస్ నకలు మీద ఎవరైనా పని చేస్తుంటే తమ పేరుతో తాళం వేసుకుంటారు, కొత్త పరీక్షకి ముందు నకలుని తుడిచెయ్యాలి, తాళం ఉండగా ఆ తుడిచే టూలు నడవదు, ఏజెంట్లు అక్కడికొచ్చి నిలబడిపోతున్నాయి, పొద్దున కోల్‌కతా నుంచి మా టీమ్ లీడ్ అనిర్బాన్‌దా ఫోను, ఎప్పట్లా మెత్తగానే, తాళం వేసినవాళ్ళకి ఒక మెసేజ్ పంపమను, నిమిషంలో జవాబు రాకపోతే తాళం తీసి తుడిచెయ్యమను, సాయంత్రానికి పేజీ పంపు, ఠీక్ హై?, దాదా, ఇప్పుడున్న తాళం ఏంజలిన్‌ది అన్నాను, రెండ్రోజులుగా పలకడం లేదుగా, పని ఉంటే పలికేది కదా అన్నాడు.

ఏంజలిన్ ఇక్కడే, రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోనే, మా సందు చివరి క్వార్టరు, నాకీ పని నేర్పింది తనే, వాళ్ళమ్మ సుజాతమ్మగారిని ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు, ఇప్పుడూ చేశాను, మోగి మోగి ఆగిపోయింది, తను చేత్తో వెతికి పట్టుకున్న తప్పులన్నీ ఆ నకలులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు, రేపటి మీటింగు తర్వాత మా ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటారు, చూపించడానికేమీ లేనివాళ్ళు వెళ్ళిపోవాలి, ఈ వాక్యం రాస్తే ఏంజలిన్, రాయకపోతే నేను, నా జీతం మీదే ఇల్లు నడుస్తోందని అమ్మ ఎప్పుడూ అనదు, చేప ముక్క మాత్రం పెద్దది నాకే వేస్తుంది.

రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది, కిటికీ రెక్క సన్నగా వణికింది, నాన్న వ్యాగన్ షాపులో ఉన్నప్పుడు బండి కిందికి దూరేముందు ఎర్రజెండా కట్టుకునేవాళ్ళు, కట్టినవాడే విప్పాలి, వాడు కనబడకపోతే పేరు పెట్టి పిలవాలి, పలక్కపోతేనే వేరేవాళ్ళు చెయ్యి వెయ్యాలి, ఈ సంగతి మా సందులో పిల్లలకి కూడా తెలుసు, ఆటల్లో సైతం ఎర్ర రుమాలు కట్టిన చోటికి పోయేవాళ్ళం కాదు, నాన్నతో పనిచేసే నూకరాజు మావయ్యా కట్టుకునే దూరాడు, పని చేయించే మిస్త్రీ పిలిచాడు, మళ్ళీ పిలిచాడు, టీకి పోయుంటాడులే అని విప్పేశారు, ఇంజను వచ్చి బండిని నెట్టింది, నాన్న ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూలబడి, పిలిసినారే పోలమ్మా, గట్టిగానే పిలిసినారు, నానూ ఇన్నాను, సమ్మెట షాపులో ఆడి సెవులెప్పుడో పోనాయని ఒక్కుడికీ గేపకం రాలేదే, అన్నాడు, అమ్మ బూట్ల తాడు విప్పుతూ ఉండిపోయింది, నేను తలుపు చాటున.

హోయెఛే?, అయిందా అని అనిర్బాన్‌దా మెసేజ్, ఇంకా లేదు దాదా అని పెట్టాను, నాన్న కిటికీ దగ్గర స్టూలు మీద, నాకు వీపు పెట్టి, బట్టల తాడు చిక్కు తీస్తున్నాడు, నాన్నా అన్నాను, పలకలేదు, నాన్నా, ఈసారి గట్టిగా, మోచెయ్యి కదులుతోంది, మెడ మీద చెమట, బనీను భుజం దగ్గర చిరుగు, మనిషి ఇక్కడే ఉన్నాడు, ఈ గదిలోనే, లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, ఏటమ్మా, పిలిసినావా అన్నాడు, పిలిచాను నాన్నా, నూకరాజు మావయ్యని ఆ రోజు ఎవరైనా వంగి చూశారా అని ఆయన చెవి దగ్గర అడిగాను, నాన్న తాడు వదిలేసి నా మొహంలోకి చూశాడు, రూల్లో పిలవమనే ఉండేదమ్మా అన్నాడు.

వెనక్కొచ్చి ఆ వాక్యం చెరిపేశాను, జవాబు రాకపోతే లోపల మనిషి ఉన్నట్టే, తాళం ముట్టుకోకుండా ఆగిపోవాలి, అని రాసి పంపేశాను, ఎక్కువసేపు పట్టలేదు, రేపు దీన్ని ఇంకెవరిచేతనో మార్పిస్తారు, అప్పటికి టీమ్‌లో నా పేరు ఉండదు, తెలుసు, ఆ తాళం ఉన్నంతసేపే ఏంజలిన్‌కి టైముంది, చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరాను, ఎక్కడికే ఈ ఎండలో అంది అమ్మ, ఏంజలిన్ దగ్గరికి అన్నాను, ఫోన్ సేస్తే సరిపోదేటే అంది, సరిపోదు, ఆ రోజు అందరూ పిలిచారు, ఒక్కరూ వంగి చూడలేదు.