పదహారు దగ్గర ఆపిన రెక్కలు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తమ్ముడి మీద నోరు పారేసుకున్నాను.

వాడు ఇనుప రేకులు కత్తిరించే షెడ్డులో పనిచేసేవాడు. అప్పటికి మూడు వారాల కిందట యంత్రంలో పడి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. కత్తికి అడ్డుగా ఉండాల్సిన ఇనుప తొడుగును వాడే విప్పేశాడని యజమాని కాగితం రాసిచ్చాడు. పచ్చి అబద్ధం! ఆ తొడుగు ఊడిపోయి రెండేళ్ళయింది. దాన్ని బిగించే నాలుగు కన్నాలూ తుప్పుతో పూడిపోయి ఉన్నాయి. నేను చెప్పే ఆ రోజుకి మర్నాడే విచారణ. తప్పు తమ్ముడిది కాదని చూపించడానికి ఆ తుప్పు తప్ప మా దగ్గర ఏమీ లేదు.

కాళ్ళావేళ్ళా పడితే అక్కడి ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. “మధ్యాహ్నం భోజనాల వేళ రండమ్మా. పది నిమిషాలు, అంతే. సాయంత్రానికల్లా కొత్త తొడుగు బిగించి రంగేసేస్తారు. నా పేరు మాత్రం బయటికి రాకూడదు.”

అలాంటి యంత్రాలు ఆ షెడ్డులో ఆరున్నాయి. కన్నాలు ఒక ఫొటోలో, యంత్రం నంబరు పలక ఇంకో ఫొటోలో చూపిస్తే, అవి వేరువేరు యంత్రాలంటాడు ఆ యజమాని పెద్దమనిషి. ముందున్న కన్నాలూ, బారెడు వెనకున్న పలకా ఒకే ఫొటోలో స్పష్టంగా పడాలి. అలా పడాలంటే లెన్స్ లోపలి రెక్కలు బాగా దగ్గరికి మూసుకుని, సన్నటి కన్నమే మిగలాలి. నంబరు పెరిగేకొద్దీ కన్నం తగ్గుతుంది, అదో తిక్క లెక్క. నాకు పదహారు కావాలి.

మా చిన్న స్టూడియోకి ఉన్నది ఒకే ఒక మంచి లెన్స్. పాతకాలపు వాటిలా తిప్పుకునే రింగు దానికి లేదు, ఎంత మూసుకోవాలో కెమెరా చెప్పాలి. దాని సొంత పాత కెమెరాకి షట్టర్ పోయింది, ఫొటో తియ్యదు. కొత్త కెమెరాకి దాన్ని తగిలించే చవక రింగులో ఆ కబురు మోసే తీగలు లేవు. అందుకని నాదొక కిటుకు. లెన్స్‌ని ముందు పాత కెమెరాకి పెట్టి, పదహారు అని చెప్పి, పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకునే ఊడదీస్తాను. రెక్కలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మళ్ళీ దాన్ని పాత కెమెరాకి పెట్టి ఆన్ చేశామా, బార్లా తెరుచుకుంటాయి.

పొద్దున్నే అలా సిద్ధం చేసి, మూత పెట్టి, బల్ల మీద ఉంచి స్నానానికి వెళ్ళాను.

షెడ్డులో ఫోర్‌మన్ గడియారం చూసుకుంటూ నా ప్రాణం తోడేశాడు. స్టాండు మీద కెమెరా పెట్టి ఏడు ఫొటోలు తీశాను. చిన్న తెర మీద కన్నాలు, తుప్పు, అన్నీ శుభ్రంగా కనిపించాయి. హమ్మయ్య అనుకున్నాను.

బస్సు దొరక్క ఇంటికొచ్చేసరికి ఐదు దాటింది. ఫొటోల్ని కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. కన్నాలు కళ్ళకి కట్టినట్టున్నాయి. వెనక నంబరు పలక మాత్రం పసుపు మరక. ఏడింటిలోనూ అంతే. లెన్స్ ఊడదీసి వెలుతురుకి పట్టి చూశాను. రెక్కలు బార్లా తెరుచుకుని ఉన్నాయి. ఫోర్‌మన్‌కి ఫోన్ చేస్తే, “రంగు కూడా ఆరిపోయిందమ్మా” అన్నాడు.

“ఎవర్రా దీన్ని ముట్టుకుంది?” అని అరిచాను.

తమ్ముడు గదిలోంచి వచ్చాడు. “నేనే అక్కా. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు పాత కెమెరాకి పెట్టి, ఆన్ చేసి చూశా. మూడు వేళ్ళతోనూ పట్టు చిక్కింది తెలుసా! బటన్ కూడా నొక్కి వదిలా, మళ్ళీ ఊడదీసి బల్ల మీద పెట్టేశా. నీ దగ్గరే పనిలో చేరిపోవచ్చనుకున్నా.”

మూడు వారాల తర్వాత వాడి మొహంలో కాస్త కళ కనిపించింది. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది.

“చేరతావు, చేరతావు! ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నీ చేత్తోనే నాశనం చేశావు కదరా!”

వాడు కట్టు వైపు చూసుకున్నాడు. “షెడ్డులోనూ నా చెయ్యిదే తప్పన్నారు. ఇక్కడా నా చెయ్యేనా అక్కా?”

నాకు ఏడుపొచ్చేసింది. “కాదురా నాయనా, తప్పు నాది. పదహారు మీద కన్నంలోంచి వెలుతురు తక్కువ దూరుతుంది, ఆ చీకటి షెడ్డులో ఒక్కో ఫొటోకి రెండు సెకన్లైనా పట్టాలి. ఏడూ ఠక్కు ఠక్కుమని అయిపోయాయి. నా చెవిన పడింది. పోన్లే, త్వరగా అయిపోతోందని సంబరపడ్డాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, అప్పుడే తెలుసుకోవద్దూ?”

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

“సర్లే అక్కా. నా కోసం ఇంత కథ అల్లక్కర్లేదు” అని, వాడు కుడిచేతిని చొక్కా కింద దాచుకున్నాడు.

ఒట్టేసి చెప్పాను. నమ్మలేదు. తప్పు వాడిదని అరిచినప్పుడు మాత్రం మొదటి మాటకే నమ్మేశాడు.