కూర్చోబెట్టి తీసిన కొలతలు

భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూండగా ఆ మాట వచ్చింది.

"బడిపిల్లలకు బూట్ల పంపకం ఇకనుంచి చిన్నకోడలు చూసుకుంటుందట. నాన్న నీకు చెప్పమన్నారు," అన్నాడాయన తల తుడుచుకుంటూ. "నీకూ కాస్త విశ్రాంతి."

పెద్దకోడలు ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన నిలబెట్టింది. ఇంకో క్షణం ఆగితే కాలరు కాలిపోయేది.

"విశ్రాంతి ఎవరడిగారు?"

"అడక్కపోయినా ఇస్తే పుచ్చుకోవాలి. వర్తక సంఘం వాళ్ళు ఉత్తమ దాత బహుమతి మన కంపెనీకే ఇస్తున్నారు. స్టేజీ ఎక్కి నాలుగు ముక్కలు చెప్పే మనిషి కావాలి. నువ్వు మైకు చూస్తే నీళ్ళు నములుతావు."

ఆమె ఇస్త్రీ ముగించింది. చొక్కా చేతికిచ్చింది. ఆయన అది తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, వెళ్ళిపోయాడు.

ఆ ఇంటివాళ్ళది బూట్ల కంపెనీ. పన్నెండేళ్ళ కింద, కోడలిగా వచ్చిన కొత్తలో, అచ్చుల గదిలో కూర్చుంటానని ఆమె అడిగింది. పాదం ఆకారంలో చెక్క అచ్చులు చెక్కేది అక్కడే. అచ్చు ఎలా ఉంటే బూటు అలా వస్తుంది. మామగారు పెద్దగా నవ్వి, "నీకెందుకమ్మా ఆ చెక్కపొట్టు? నీది మెత్తటి మనసు, దానధర్మాలు చూసుకో," అన్నారు. గోడౌను వెనక ఒక బల్ల ఇచ్చారు. దానం చెయ్యమని ఇచ్చిన బూట్లు చూస్తే ఒక జతలో రెండూ ఎడమకాలివే, ఒక జత కురచ, ఒకదానికి మడమ ఊడింది. అవి పిల్లలకు పంచనని రెండేళ్ళు పోట్లాడి కొత్తవి కుట్టించింది. ఏటా పదకొండు బళ్ళకు తనే వెళ్ళేది. నేల మీద కాగితం పరిచి, పిల్లల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలు తిప్పి, పక్కన పేరు రాసుకునేది. పొద్దున ఆరుగురికి క్యారేజీలు కట్టి, సాయంత్రం వచ్చి అంట్లు తోమే మనిషి రాకపోతే అవీ తోమి, మధ్యలో చేసిన పని ఇది. "మనింటి పనికి జీతమేమిటే, నవ్విపోతారు," అంది ఒకసారి అత్తగారు. నిజంగానే నవ్వింది కూడా.

ఆ గోడౌను వెనక బల్ల మీదికి పన్నెండేళ్ళలో ఎవరూ తొంగి చూడలేదు. బహుమతి అనగానే అందరికీ అది కనబడింది.

చిన్నకోడలు వచ్చి రెండేళ్ళు. చెడ్డది కాదు. అదే ఇబ్బంది. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. నవ్వితే గదంతా నవ్వినట్టుంటుంది. మామగారు ఆమెను "అమ్మా, ఇలా రా" అంటారు, తనను "ఏదీ పెద్దావిడ?" అంటారు, వెతుకుతున్నది తాళంచెవినో కళ్ళజోడునో అన్నట్టు. ఆమె మణికట్టు మీద నూనె చిట్లిన మచ్చ ఒక్కటి లేదు. పెద్దకోడలు ఆ మణికట్టును చూసేది. టీ అందుకునేటప్పుడు చూసేది, ఫోను ఎత్తేటప్పుడు చూసేది. ఒకరోజు ఆ అమ్మాయి కొత్త చెప్పులు గుమ్మం దగ్గర విడిస్తే, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు వాటిలో కాళ్ళు పెట్టి చూసింది. ముందు భాగం బిగుతైంది. వేళ్ళు ముడుచుకుని రెండడుగులు వేసి, తీసేసి, మళ్ళీ ఉన్నట్టే పెట్టింది. అంతా అయ్యాక సిగ్గేసింది. సిగ్గుతో అసూయ తగ్గుతుందంటారు. ఆమెకు తగ్గలేదు. పొద్దస్తమానం రగులుతూనే ఉంది.

కొలతల రోజు అన్ని బళ్ళ పిల్లల్నీ ఒకే బడికి రప్పించి, తోడుగా ఆమెనూ తీసుకెళ్ళారు. చిన్నకోడలు పిల్లల్ని బెంచీల మీద వరసగా కూర్చోబెట్టింది. తను మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని టేపు చుట్టి అంకె చెబుతూంటే గుమాస్తా రాసుకున్నాడు. ఫొటోలాయన చుట్టూ తిరిగాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

పెద్దకోడలికి మాత్రం మొదటి పాదం దగ్గరే తప్పు తెలిసింది. కూర్చున్నప్పుడు పాదం ముడుచుకుని ఉంటుంది. నిలబడితే ఒంటి బరువంతా దిగి పొడవూ పెరుగుతుంది, వెడల్పూ పెరుగుతుంది. ఇక ఉత్త కాళ్ళతో తిరిగిన పిల్లలవైతే వేళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. భోజనాల వేళ అచ్చుల గదికి ఏదో వంకతో వెళ్ళి, పాత మేస్త్రి దగ్గర నేర్చుకున్న సంగతి ఇది. మేస్త్రి కిందటేడు పని మానేశాడు. ఇప్పుడు ఆ కంపెనీ మొత్తానికి ఈ సంగతి తెలిసిన మనిషి తనొక్కతే.

చెబుదామని నోరు తెరిచింది.

"చూశావా పెద్దావిడా," అన్నారు వెనకనుంచి మామగారు, "నువ్వైతే మూడు రోజులు సాగదీసేదానివి. చిన్నమ్మాయి పూటలో తేల్చేసింది!"

తెరిచిన నోరు మూసుకుంది. తేలుతుందిలే, అనుకుంది.

తర్వాతి మూడు వారాలూ ఆమెకు ఎన్నడూ లేని నిద్ర పట్టింది. కూరలు తరుగుతూ కూనిరాగం తీసింది. ఎదుటివాళ్ళ గోడ ఎటు ఒరుగుతుందో ముందే తెలిసినవాడికి ఉండే సుఖం అది. నాలుగు వందల జతలు డబ్బాల్లో సర్దుతూంటే తనే దగ్గరుండి లేసులు కూడా కట్టింది. "అక్కా, నువ్వెంత మంచిదానివి," అంది చిన్నకోడలు, ఆమె భుజానికి తల ఆనించి.

పంపకం రోజున బడి ఆవరణలో షామియానా వేశారు. వర్తక సంఘం పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. చిన్నకోడలు మైకు పట్టుకుని చక్కగా మాట్లాడింది. పిల్లలు బూట్లు తొడుక్కుని స్టేజీ ముందు నుంచి వరసగా నడిచారు.

ఎండకు కాలిన ఇసుక మీద నడిచినట్టు నడిచారు.

ఎవరూ కనిపెట్టలేదు. చప్పట్లు కొడుతున్నారు. వరసలో ముందుపళ్ళు ఊడిన పిల్ల ఒకతె, ఫొటోలాయన వైపు నవ్వుతూ, పెదవి కొరుక్కుంటూ, మళ్ళీ నవ్వుతూ వస్తోంది. పెద్దకోడలు లేచి దాని ముందు గొంతుక్కూర్చుంది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదండీ."

"ఏదీ, విప్పు చూద్దాం."

పిల్ల రెండు చేతులతో బూట్లను గట్టిగా పట్టేసుకుంది. "తీసుకోకండీ. అలవాటవుతాయండీ."

ఎనిమిదేళ్ళుంటాయేమో దానికి. అప్పుడే దానికి అలవాటవుతాయనడం వచ్చేసింది. వంటింట్లో వేలు కాలినప్పుడూ, ఇంట్లోవాళ్ళు తన పేరు మర్చిపోయినప్పుడూ, తన మాట కిందపడ్డప్పుడూ తను తనకు చెప్పుకున్నదీ అదే మాట. పెద్దకోడలు మెల్లగా లేసు విప్పి బూటు లాగింది. చిటికెనవేలి పక్క చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది. దాన్ని చూసింది. మూడు వారాలు హాయిగా నిద్రపోయింది ఈ వేలి మీద.

లేచి నిలబడింది. మైకు అక్కర్లేకపోయింది.

"ఆపండి. కొలతలు తప్పాయి. అందరూ బూట్లు విప్పెయ్యండమ్మా. మీవి మీకే వస్తాయి, సరిగ్గా కుట్టి తెస్తాం."

చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలో ఎవరో దగ్గారు.

కాసేపటికి హెడ్మాస్టరు గదిలో తలుపు మూసి మామగారు చిన్నకోడలి మీద విరుచుకుపడ్డారు. "పరువంతా గంగపాలు! నెత్తిన పెట్టుకున్నందుకు బాగా బుద్ధి చెప్పావమ్మా!" మరిది పెళ్ళాం వంక చూడకుండా కిటికీలోకి చూస్తున్నాడు. చిన్నకోడలు గోడకానుకుని ఏడుస్తోంది. మూడు వారాలుగా పెద్దకోడలు మనసులో చూసుకున్న బొమ్మ, గీత తప్పకుండా, కళ్ళ ముందుంది. నోరు మూసుకుంటే చాలు. పొద్దున్నుంచి కాదు, పన్నెండేళ్ళుగా నోరు మూసుకోవడం ఆమెకు కొట్టినపిండి.

"దాన్ననకండి," అంది. "నిలబెట్టి తియ్యాలని దానికెవరూ చెప్పలేదు. నాకు తెలుసు. ఆ రోజే చూశాను. చూసీ చెప్పలేదు."

"అక్కా!" అంది చిన్నకోడలు. ఆ ఒక్క మాటా దెబ్బలా తగిలింది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు భర్త. "కుళ్ళా?"

"అవును. కుళ్ళే." ఆ మాట పైకి అన్నాక ఆమె గొంతు స్థిమితపడింది. "దాని నవ్వు చూసి కుళ్ళాను. మణికట్టు చూసి కుళ్ళాను. పసిదాని వేలు తెగే దాకా కుళ్ళాను. ఆ తప్పు నాది. నాలుగు వందల మంది పాదాలూ మళ్ళీ నేనే గీస్తాను. చెల్లీ, నువ్వూ రా, నేర్పుతాను."

మామగారి కోపం సగంలో దారి తప్పింది. ఎవరిని తిట్టాలో తేలక చేతికర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. "సరే, సరే. అయిందేదో అయింది," అన్నారు చివరికి. "ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ. దానధర్మాలు మళ్ళీ నువ్వే చూసుకో పెద్దావిడా. నీ బల్ల నీకే."

పెద్దకోడలు చేతిలో ఇంకా ఉన్న ఆ పిల్ల బూటును ఆయన ముందు, హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది.

"ధర్మం ఇన్నాళ్ళు చేశాను, ఇక చాలు మామయ్యా. నాకు అచ్చుల గదిలో ఉద్యోగం కావాలి."