సెలూన్ పక్కగది

“చేతిగోళ్ళు మాత్రం మరీ కురచగా తియ్యకే భూలక్ష్మీ. రేపు సలోమి దగ్గర రంగు వేయించుకోవాలి,” అంది వకీలుగారి భార్య రాజ్యలక్ష్మి, నీళ్ళ పళ్ళెంలో నానిన పాదం తీసి భూలక్ష్మి ఒళ్ళో పెడుతూ.

భూలక్ష్మి చేతిలో గోళ్ళు తీసే గోరుగల్లు ఒక్క క్షణం ఆగింది. “ఆయ్, అలాగేనండి,” అంది.

సలోమి కూర్చునే గది అమలాపురం బజారులో భూలక్ష్మి మొగుడు త్రిమూర్తులు సెలూన్ పక్కదే. రెండేళ్ళ కిందట ఆ గదే అడిగింది భూలక్ష్మి. “పీచు బస్తాలు తీసేసి ఓ పీట వేసుకుంటాను మావా. ఆడోళ్ళు నా దగ్గరికే వస్తారు. ఈ పెరళ్ళెమ్మట తిరగలేకపోతన్నాను,” అంది. “పెళ్ళాన్ని బజార్లో కూర్చోబెట్టేడంటారు. నా పరువేం గాను?” అన్నాడు త్రిమూర్తులు. అత్త అప్పాయమ్మ వత్తాసు పలికింది: “నలభై ఏళ్ళు తిరిగేను నేను. నా కాళ్ళేవన్నా అరిగిపోయేయా?”

తీరా మొన్న ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నెలలోనే ఆ బస్తాలు వీధిలోకొచ్చాయి. బర్మా వెళ్ళి రంగంలో ఒక దొరసాని దగ్గర ఆయాగా చేసి, యుద్ధంలో కట్టుబట్టలతో తిరిగొచ్చిన సలోమికి త్రిమూర్తులు గది అద్దెకిచ్చాడు. అదేమిటని అడిగితే, “ఆవిడ రంగం చూసొచ్చిన మనిషే. నీకూ ఆవిడకీ పోలికేంటి?” అన్నాడు.

మధ్యాహ్నం అన్నం కేరేజీ పట్టుకొచ్చినప్పుడల్లా భూలక్ష్మి ఆ గదివైపు చూడకుండా ఉండలేకపోయేది. పూలతెర, రెండు కుర్చీలు, బల్ల మీద ఎర్రటి గోళ్ళరంగు బుడ్లు. లోపల ఎవరో ఒకరు నవ్వుతూ ఉంటారు. తనకైతే కాళ్ళు చాపుతారు, సలోమికి చేతులు చాపుతారు. తనని “ఏమే” అనే మనిషి పక్క గుమ్మంలో నిలబడి “సలోమమ్మగారూ” అంటాడు. ఆ “గారు” వినబడ్డప్పుడల్లా కేరేజీ టపీమని బల్ల మీద పెట్టేది. వాళ్ళిద్దరి మధ్యా ఏదో ఉందనుకుంది. పది రోజులు కాపు కాసింది. ఏమీ లేదు. ఉంటే జుట్టు పట్టుకుని పోట్లాడేది. ఏమీ లేకపోవడమే ఆమె కడుపు మరింత మండించింది. పరాయి ఆడది బజార్లో కూర్చుంటే పోని పరువు, తను కూర్చుంటేనే పోతుందన్నమాట.

వారం తర్వాత రాజ్యలక్ష్మి వేళ్ళు చూపించింది. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. “మూడో రోజుకే అన్నంలో రాలిందే! నాసిరకం సరుకు కాబోలు.” భూలక్ష్మికి చూడగానే అర్థమైంది. పొద్దున లేస్తే కొబ్బరి కోరే చేతులు, నూనెలో నానే చేతులు. ఆ జిడ్డు గోటి అంచుల్లో దాగుంటుంది. నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, బాగా ఆరాక వేస్తే ఏ రంగైనా నిలుస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. “అయ్యో, అలాగాండీ,” అని ఊరుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే కాళ్ళు తేలిగ్గా నడిచాయి. మరో నాలుగు ఇళ్ళలో తనే చెప్పింది: “సరుకు మంచిది కాదంటండి.”

నెల తిరిగేసరికి సలోమి కుర్చీలు ఖాళీ అయ్యాయి.

ఒక మధ్యాహ్నం భూలక్ష్మి కేరేజీ తెచ్చేసరికి త్రిమూర్తులు ఆ గుమ్మంలో ఉన్నాడు. “నెలాఖరుకి గది ఖాళీ చేసెయ్యండి సలోమమ్మగారూ. ఆడోళ్ళ వ్యాపారం ఎన్నాళ్ళు నిలబడుద్దో నాకు ముందే తెలుసు. మా ఆడదానికీ అదే చెప్పేను,” అన్నాడు. గడ్డానికి సబ్బు రాయించుకున్న గంగయ్య సెలూన్లోంచి పకపకా నవ్వాడు. సలోమి తలొంచుకుని బుడ్డి మూత తుడుస్తోంది.

ఇన్నాళ్ళూ భూలక్ష్మి కోరుకున్నది ఇదే. తీరా జరిగాక ఏమాత్రం తియ్యగా లేదు. గంగయ్య నవ్వింది ఒక్క సలోమిని చూసే కాదు.

త్రిమూర్తులు సెలూన్లోకి వెళ్ళాక ఆమె తెర తీసుకుని లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

“నీ రంగు మంచిదేనమ్మా. నూనె గోళ్ళ మీద ఏదీ నిలవదు. ముందు నిమ్మచెక్కతో రుద్దాలి. ఈ సంగతి నాకు మొదట్నించీ తెలుసు. చెప్పలేదు. పైగా సరుకు బాలేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పేను.”

సలోమి తలెత్తింది. “ఎందుకు వదినా?”

“ఏడుపు. నీ మీద ఏడుపు.”

సలోమి కళ్ళలో కోపం కనిపించింది. చేతిలో బుడ్డి బల్ల మీద పెట్టింది. “నీ మీద నేనూ ఏడ్చేను. పెళ్ళికూతురి గోళ్ళు తియ్యడానికి నిన్ను లోపలికి పిలుస్తారు. నా దగ్గర రంగు వేయించుకున్నోళ్ళు ఇంటికెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంటారు. వాళ్ళ గుమ్మం నన్ను దాటనివ్వరు.”

“గోళ్ళు నేను చూస్తాను. రంగు నువ్వెయ్యి,” అంది భూలక్ష్మి. “నేను తిరిగే ఇళ్ళన్నిటికీ చెప్తాను. పాడుచేసిన నోరే చెప్పాలి కదా.”

“కేరేజీ ఏదే?” అని పక్కనుంచి త్రిమూర్తులు కేక వేశాడు.

భూలక్ష్మి లేచి సెలూన్లోకి వెళ్ళింది. కేరేజీ బల్ల మీద పెట్టింది. గంగయ్య వింటుండగానే, మొగుడి మొహంలోకి సూటిగా చూసి అడిగింది:

“పక్కగది అద్దె ఎంతండీ త్రిమూర్తులుగారూ? వచ్చే నెల నుంచి మేమిద్దరం కడతాం.”