గోడ మీంచి గిన్నెడు నూనె

నూనె చేతి నుంచి చేతికి తీసుకోవడం వల్లే నా కూతురు హేమ పోయిందా? దానికి జబ్బు మొదలైనప్పటి నుంచి, పదకొండేళ్ళుగా ఈ అనుమానం నాలో ఉంది. దీపం ముందు కూర్చున్నప్పుడు స్వామిని తప్ప ఎవరినీ అడగలేదు.

కళింగపట్నంలో మాది రైతుల వీధిలో చివరి ఇల్లు. పెరటి గోడకు అవతల నారాయణమ్మ ఉంటుంది, చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. నాకంటే పెద్దదని, మా వైపు అక్కను పిలిచినట్టే అప్పా అని పిలిచేదాన్ని. పదకొండేళ్ళ కిందట ఒక కార్తీక శనివారం దీపాల వేళకు మా ఇంట్లో నూనె లేదు. అడిగితే ఇత్తడి గిన్నెతో నువ్వుల నూనె అందించింది. శనివారం నూనె చేతికిస్తే శని పడుతుందని, కింద పెడితేనే తీసుకోవాలని మా అత్తగారు చెప్పేవారు. గోడ మీద పెడదామంటే అన్నీ గాజుపెంకులే. చేతికే తీసుకున్నాను.

ఆ నెలలోనే ఆరేళ్ళ హేమ అడుగులు తడబడ్డాయి. మెట్లు దిగేటప్పుడు కిందికి చూడలేకపోయేది. ఒకరోజు నారాయణమ్మ గోడ మీంచి, "ఒసే గుంటా, మీ నాయినలా నడిసి సూపించే" అంది. హేమ పకపకా నవ్వి, నవ్వుతూనే కూలబడిపోయింది.

విశాఖలో డాక్టరు పెద్ద పేరేదో చెప్పి, "కొవ్వు కదలకుండా లోపలే పేరుకుపోతోంది" అన్నాడు. నాకు వినిపించింది నూనె అన్న మాటే.

ఆ తర్వాత నారాయణమ్మతో మాట్లాడలేదు. "పిల్లకెలాగున్నాదే?" అని కొన్నాళ్ళు అడిగేది. నేను వినపడనట్టు కుళాయి తిప్పేదాన్ని. హేమ తన పదకొండో ఏట పోయింది. మా ఆయన పొలం నుంచి వచ్చి, తిని, పడుకునేవాడు. నా గొంతు నాకు స్తోత్రాల్లోనే వినపడేది.

మొన్న మా చెల్లెలి కూతురు ఝాన్సీ వచ్చింది. విజయనగరం కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. బీరువాలో హేమ ఫైలు కనబడితే చదివింది. అప్పుడు నోరు విప్పి ఆ నూనె సంగతి అడిగాను.

"నూనె వల్లేటి పెద్దమ్మా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. గ్లాసు నీళ్ళలో నూనెచుక్క వేసి చూపించింది.

"సూడు, కలవలేదు కదా. మన కణాల్లోపల నీళ్ళే. కొవ్వు దానంతటది నడవలేదు. గుప్పిట్లో దాసుకుని మోసే ప్రోటీన్లుంటాయి. తిన్న కొవ్వు కణంలో ఓ చిన్న సంచీకి వస్తాది. మోసేవాడొకడు దాన్ని పట్టుకెళ్ళి, సంచీ గోడలో ఉన్నవాడికి అందిస్తాడు. వాడు బయటికి పంపితేనే కణం తన మిగతా గోడలన్నీ కట్టుకునేది. మన హేమకి ఆ గోడలోవాడు సరిగా లేడు. కొవ్వు ఒకచోట గుట్ట, ఇంకోచోట కరువు."

"చేతికి చేతికే ఇస్తారా?"

"చేతికే. మధ్యలో నీళ్ళు తగలకూడదు."

"మరి ఆ శనివారం..."

"ఆ లోపం హేమ పుట్టకముందే ఉన్నాది పెద్దమ్మా. నీ నుంచి సగం, పెద్దనాన్న నుంచి సగం. ఎవరి తప్పూ కాదు. నవ్వితే పడిపోవడమూ ఈ జబ్బు లక్షణమే."

బాధ తగ్గిందని చెప్పలేను. ఆ సగం నాకెందుకిచ్చావని స్వామిని అడుగుతూనే ఉన్నాను. అటక మీద నారాయణమ్మకు తిరిగివ్వని ఇత్తడి గిన్నె నల్లబడి ఉంది. చింతపండుతో తోమి, నువ్వుల నూనె నింపి, పెరట్లోకి వెళ్ళాను.

"అప్పా!"

చేపలు తిరగేస్తున్న చేతులు ఆగాయి. జుట్టంతా నెరిసిపోయింది.

"ఏటే, దారి తప్పినావా?"

"నీ నూనె."

గిన్నెను గుర్తుపట్టింది. "ఇన్నేళ్ళూ నానేటి సేసినానో సెప్పనేదు నువ్వు."

"నువ్వేటీ సెయ్యలేదప్పా. నాదే తప్పు."

ఆమె చేతిలోని చేపను తిరగేసి ఎండలో పెట్టింది. "ఈయేళ శనోరం. కింద ఎట్టు, వచ్చి తీసుకుంతాను."

"వద్దు. సెయ్యి సాపు."

కొంగుకు చెయ్యి తుడుచుకుని చాపింది. గాజుపెంకుల మీంచి అందించాను. కాసేపు ఇద్దరమూ గిన్నెను పట్టుకునే ఉన్నాం.

"పిల్ల బలే నవ్వీది" అంది.

"నవ్వీది" అన్నాను. గిన్నె వదిలాను.